దొడ్డ కోళ్లకి జబ్బు లేదు

మా దొడ్డ పోయిందని మంగళవారం పొద్దున్న ఆవిడ కూతురు, మా చెల్లి ఫోన్ చేసింది. రతన్‌పూర్ రోడ్డులోని మా కోళ్ల షెడ్డులో దాణా కలుపుతున్నాను. చేతులు కడుక్కోకుండానే దొడ్డ ఉండే తెలిపారాకి వెళ్లాను.

దొడ్డ అంటే మా అమ్మకి అక్క. రైల్వేలో రిటైరైన పెదనాన్న పోయాక ఇంటి వెనక పది నాటుకోళ్లు పెంచుకునేది. నేను బ్రాయిలర్ షెడ్డు వేశాక వారానికోసారి బస్సెక్కి వచ్చేది. కోళ్ల కళ్లు చూసి, రెట్ట చూసి "అచ్ఛా, బాగున్నాయి" అనేది. కోడిని ఎలా చూడాలో నాకు నేర్పింది ఆవిడే.

ఒక వేసవిలో హోటళ్లలో వాడేసిన నూనె తెచ్చి దాణాలో కలిపాను. దొడ్డ డబ్బా మూత తీసి మొహం తిప్పుకుంది.

"ఇదేటిరా, ఇలా కంపు కొడతంది? మనం తినలేంది వాటికెలాగ పెడతావు?"

"కొవ్వుంటే తొందరగా బరువొస్తాయి. నీకు తెలీదులే దొడ్డా."

"బరువు సరే. ఒంట్లో బలం ఉండాల గదా," అని ఊరుకుంది.

నెల తిరక్కుండా కొక్కెర తెగులు తగిలింది. టీకా వేసిన కోళ్లే మెడలు మెలితిరిగి పడిపోయాయి. సగం షెడ్డు ఖాళీ అయింది. ఇంట్లో అందరూ అడుగుతుంటే, "దొడ్డ కోళ్ల నుంచే అంటింది, చెప్పులతో మోసుకొచ్చింది" అనేశాను. ఆవిడ అక్కడే ఉంది. ఆ వారమే తన కోళ్లన్నీ కోయించేసింది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదట.

తర్వాత పశువుల డాక్టరు ఆ నూనె వాసన చూశాడు. "టీకా బాగా పనిచేయాలంటే కోడిలో సత్తువుండాలి. మంచి కొవ్వు ఆ సత్తువనిస్తుంది, ఇలా పాడైన నూనె ఉన్న సత్తువని కూడా తినేస్తుంది," అన్నాడు. దొడ్డ కోళ్లలో ఒక్కటీ జబ్బు పడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తాజా నూనె, కాస్త అవిసె గింజల పిండి కలపడం మొదలుపెట్టాను. తర్వాతి బ్యాచ్ నిలబడింది. దొడ్డ వచ్చి చూసి సంతోషపడింది.

"నా కోళ్లు తీసేసి మంచి పని చేసాను నాన్నా," అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను. రెండేళ్లు అలాగే ఊరుకున్నాను.

పదోరోజున దొడ్డ ఇంటి పెరట్లోకి వెళ్లాను. ఖాళీ గూటి నిండా తెల్లటి సున్నం.

"అమ్మ వారం వారం జల్లేది అన్నయ్యా," అంది చెల్లి. "జబ్బు ఇంకా మిగిలుంటాదేమోనని."

అసలు జరిగింది అక్కడే చెల్లికి చెప్పేశాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. చెల్లి గూటి తలుపు తీసింది. ఆ సున్నం మీద ఒక్క కోడి అడుగు కూడా లేదు.