ఏ జబ్బూ లేదని చెప్పక్కా

నేను రష్యన్ నేర్చుకున్న రోజుల్లో లోకం రెండు ముక్కలుగా ఉండేది. ఒక ముక్క అమెరికాది, ఒకటి రష్యాది. రెండో ముక్కకే భవిష్యత్తు ఉందని మా నాన్న నమ్మాడు, నన్నూ నమ్మించాడు. ఆ ముక్క కాస్తా కూలిపోయేసరికి నేను బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక కార్ఖానాలో రష్యా యంత్రాల పుస్తకాలు అనువదిస్తూ కూర్చున్నాను. దేశం పోయినా యంత్రాలు పోలేదు కాబట్టి రిటైరయ్యేదాకా నా జీతానికి ఢోకా లేకపోయింది. నాకు వచ్చింది నట్లూ బోల్టుల రష్యన్. ఆ భాషలో ఒకరిని బతిమాలాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

నన్ను ఏళ్ల తరబడి ఆటోలో కార్ఖానాకు దింపినతను ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని పెద్దకొడుకును ఒక ఏజెంటు హోటల్లో వంటపని అని చెప్పి రష్యా పంపించాడు. అక్కడ దిగాక, చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టించుకుని చేతికి తుపాకీ ఇచ్చారు.

"మావోడు యుద్ధంలో ఉండాడక్కా. వాళ్ల ఆఫీసరు ఫోన్లో మాట్లాడతానన్యాడంట. నువ్వొచ్చి వాళ్ల భాషలో చెప్పల్ల" అన్నాడు. అదే ఆటోలో కె.ఆర్.పురం వెళ్లాను.

ఇంట్లో అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఉన్న ఒక్క కుర్చీలో చింతామణి ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి కూర్చున్నాడు. ఆయన కూతురిని రష్యా వెళ్లిన ఈ పిల్లవాడికే అనుకున్నారు. కాబోయే అల్లుడి సంగతి కనుక్కుందామని వచ్చాడు. టీవీ వార్తలు బాగా చూసే మనిషి.

"ఇదంతా అమెరికావోళ్లు చేయిస్తాండేదక్కా. రష్యావోళ్లు మనకు దోస్తులు. మన పిల్లోనికి ఏమీ కానియ్యరు" అని నాకు ధైర్యం చెప్పాడు.

"మా తాత కూడా తెల్లోళ్ల యుద్ధానికి పోయినోడే. మెడల్సు తెచ్చుకున్యాడు" అన్నాడు ఆటో అతను, వియ్యంకుడి ముందు తగ్గకూడదని.

నాకు ఒళ్లు మండింది. తెల్లవాళ్ల రాజ్యం పోయిందని ఏటా జెండాలు ఎగరేసుకుంటున్నాం. పరాయివాళ్ల గొడవలో చావడానికి మన పిల్లలు వెళ్లడం మాత్రం ఆగలేదు. అప్పుడు ఓడ వాళ్లే పంపించేవాళ్లు, ఇప్పుడు విమానం టికెట్టు మనమే కొనుక్కుంటున్నాం. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయని ఊరికే అనలేదు. ఈ దూడ తండ్రేమో ఆంబోతులతో చుట్టరికం కలుపుకుంటున్నాడు.

ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టారు. ఆఫీసరు గొంతు కుర్రగొంతు, బాగా అలసిపోయి ఉంది. నేను రష్యన్‌లో నమస్కారం చెబితే మర్యాదగానే పలకరించాడు. సంతకం పెట్టినవాణ్ణి వెనక్కి పంపే అధికారం తనకు లేదన్నాడు. జబ్బు మనిషైతే మాత్రం వేరే సంగతి. గుండెజబ్బుగానీ ఫిట్స్‌గానీ ఉంటే చెప్పండి, రేపటి బండిలోనే ఆస్పత్రికి పంపిస్తాను, అక్కణ్ణుంచి ఇంటికి పంపేస్తారు అన్నాడు. పిల్లవాణ్ణి అడిగితే ప్రతిదానికీ తల ఊపుతున్నాడట, అందుకే ఇంటివాళ్లను అడుగుతున్నాడట.

ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. "చూడప్పా, జబ్బు ఉంటే ఇప్పుడే చెప్పు. లేకపోయినా ఉందని చెబుదాం. బిడ్డ ఇల్లు చేరతాడు" అని నా మాటగా కూడా అన్నాను.

భార్య ఏదో చెప్పబోయింది. అతను ఆమె వైపు ఒక చూపు చూసి, తర్వాత కుర్చీ వైపు చూశాడు.

"సుమ్నే, ఊరికే లేని జబ్బు అంటగడితే ఎట్లక్కా? రేపు మా పిల్లను ఇచ్చేది ఉండాది కదా" అన్నాడు చింతామణి ఆయన.

"ఏ జబ్బూ లేదని చెప్పక్కా. మావోడు ఉక్కు. తలనొప్పి కూడా ఎరగడు" అన్నాడు తండ్రి.

నేను వినలేదు. గుండెజబ్బు అని రష్యన్‌లో మొదలుపెట్టాను. నా చెయ్యి గుండె మీదికి పోవడం చూసి అతనికి అర్థమైపోయింది. ఫోన్ లాక్కుని, ఎయిర్‌పోర్టు సవారీలతో మాట్లాడే ఇంగ్లీషులో అరిచాడు.

"నో సిక్, సార్! స్ట్రాంగ్ బాయ్! వెరీ స్ట్రాంగ్!"

అంతమాత్రం ఇంగ్లీషు ఆఫీసరుకూ వచ్చు. నవ్వాడు. అలాంటివాళ్లే మాకు కావాలి అని ఫోన్ పెట్టేశాడు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

అతని భార్య నా వెనకాలే మెట్లు దిగి వచ్చింది. "వానికి చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉండాయక్కా. మాత్ర మింగితేనే నిలబడతాడు. సంబంధం తప్పిపోతాదని ఆయన ఎవురికీ చెప్పనియ్యలా. కట్టిచ్చిన మాత్రలు అయిపోయినాయంట" అంది.

నేను అబద్ధమనుకుని చెప్పబోయిన మాట పక్కనే నిజం ఉంది. అక్కడే మెట్ల మీద నిలబడి మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ వారమంతా చేస్తూనే ఉన్నాను. తర్వాత ఆ నంబరే మోగడం మానేసింది.

కబురు తెలంగాణ పిల్లవాడొకడు చెప్పాడు, వాడూ అక్కడ చిక్కుకున్నవాడే. పొలానికి అడ్డంపడి పరుగెత్తుతుంటే మావాడు ఉన్నట్టుండి పడిపోయి కొట్టుకున్నాడట. తూటా తగిలింది, ఇక బతకడని మిగతావాళ్లు వదిలేసి పోయారట. తూటా ఏదీ తగల్లేదని వాళ్లకు తెలియదు. రాత్రికి మంచు పడిందట.

పెద్దకర్మకు వెళ్లాను. ఆటో అతను నన్ను పక్కకు పిలిచాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అతణ్ణి తిట్టాలనే వెళ్లాను గానీ ఆ మొహం చూసి తిట్టలేకపోయాను.

"ఫిట్స్ మాట ఎక్కడా అనొద్దక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. చింతామణి ఆయన ఆ పిల్లను మా చిన్నోనికి ఇస్తానంటాండాడు."

"చిన్నవాడికీ ఉన్నాయా?" అని అడిగాను.

అతను భుజం మీది తువ్వాలు సర్దుకుని, భోజనాలు వడ్డిస్తున్న వైపు వెళ్లిపోయాడు.