ముత్తాత ముక్కు

ఫొటోల మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది. వెబ్‌సైట్లు చేసి బతికేదాన్ని కదా, ఏ ఫొటోలో ఏం తీసేస్తారో, ఏం అతికిస్తారో నాకు తెలుసు. ఫ్రెంచివాళ్ళ నాటి వైట్ టౌన్ గెస్ట్‌హౌస్‌ల కోసం నేను చెరిపేసిన కరెంటు తీగలన్నీ కలిపితే పుదుచ్చేరి మొత్తానికి దీపాలు పెట్టవచ్చు. మురికికాలవల మీద కాగితం పూలు పూయించాను. ఎండిపోయిన పచ్చికకు రంగు వేశాను. ఎవరైనా పెళ్ళిచూపుల ఫొటో చూపిస్తే నేను ముందు చెవుల అంచులు చూస్తాను. ముఖం దిద్దినవాళ్ళు అక్కడే దొరికిపోతారు.

అలాంటి నన్ను పట్టుకుని మా ఇంటివాళ్ళు ఒక ముఖం తయారుచేసి పెట్టమన్నారు. ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి వాళ్ళలో ఎవరూ చదవలేరు. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, అక్షరాలు మాత్రం నేనొక్కదాన్నే నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

బజారులో మాకు పాత్రల కొట్టు ఉంది. పెట్టింది మా ముత్తాత. ఇప్పుడు పెద్దనాయన, మా నాయన, చిన్నాయన ముగ్గురూ కలిసి నడుపుతున్నారు. కలిసి అనేది బేరానికి వచ్చినవాళ్ళ ముందు మాట. చిన్నాయన ఊరి పక్కన విల్లియనూరులో అదే పేరుతో వేరే కొట్టు పెట్టాలని చూస్తున్నాడు. పేరు పాత కొట్టుదే అంటాడు పెద్దనాయన. ఆ తగువు లోలోపల ఉడుకుతుండగానే నన్ను వెబ్‌సైట్ చేయమన్నారు. మొదటి పేజీలో ముత్తాత ఫొటో పెద్దగా ఉండాలని మాత్రం ముగ్గురూ ఒక్కమాటగా చెప్పారు.

ముత్తాతకు ఫొటో లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆయన కెమెరా ముందు నిలబడనే లేదట.

"లేకుంటే ఏంది పాపా? నువ్వే చెయ్యి," అన్నాడు పెద్దనాయన. "మా ముగ్గురి ఫొటోలూ తీసుకో. ఆయన రక్తమే కదా, కలిపితే ఆయనే వస్తాడు."

"నాదీ కలపనా మరి?" అన్నాను ఆటపట్టిస్తూ.

"నువ్వు ఇంకో ఇంటికి పోయేదానివి. కొట్టుకీ నీకూ ఏంది?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం చురుక్కుమంది.

ముందు ఏఐని అడిగి చూశాను. కుండలాలు తగిలించి, వెనక ఏనుగును నిలబెట్టి ఒక మహారాజును ఇచ్చింది. బిందెలు అమ్ముకునే మనిషికి ఏనుగెందుకు? దాన్ని తీసిపారేసి, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిచి నేనే కూర్చున్నాను. పలచటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ముగ్గురి ముఖాలనూ లేయర్లుగా పెట్టి, ఒకరి నుదురు, ఇంకొకరి చెవులు, మరొకరి గడ్డం తీసుకుని కలపసాగాను.

అక్కణ్ణుంచి గొడవ మొదలైంది. ఎన్నడూ రాని చిన్నాయన వైట్ టౌన్‌లోని నా ఆఫీసుకు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, చేతిలో మురుకుల పొట్లంతో.

"సుమ్మా ఇట్ల పోతా ఉంటే గుర్తొచ్చినావు," అన్నాడు. కళ్ళు మాత్రం నా స్క్రీన్ మీదే ఉన్నాయి. ఊరికే వచ్చే మనిషి కాదాయన. కాసేపు మురుకు నమిలి, "ముక్కు నాదే సరిగా ఉంటాది. బోర్డుకి కూడా ఈ బొమ్మే పనికొస్తాది," అన్నాడు.

అదీ సంగతి. ముత్తాత చిన్నాయన పోలికతో ఉంటే, విల్లియనూరులో బోర్డు చూసినవాళ్ళంతా అసలు కొట్టు అదేననుకుంటారు.

చిన్నాయన వచ్చి వెళ్ళినట్టు పెద్దనాయనకు ఎవరు చేరవేశారో నాకిప్పటికీ తెలియదు. మా ఆఫీసు కింద టీ కొట్టాయన మీద నాకు అనుమానం. మర్నాడే పెద్దనాయన ఫోన్ చేశాడు.

"వాడు నీకేం తెచ్చిచ్చినాడు?"

"మురుకులు."

"మురుకులకి ముక్కు ఇచ్చేసినావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కులు పంచిపెట్టడానికి నేనేమైనా బ్రహ్మదేవుణ్ణా?

మా నాయన చాలా రోజులు నోరు విప్పలేదు. అది ఇంకా అనుమానంగా ఉండింది. చివరికొక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, తల వంచుకునే అడిగాడు. "కళ్ళు ఎవురివి పెట్టినావు?"

ఎవరివీ పెట్టలేదు, నేనే దిద్దాను అని చెప్పి, వెళ్ళి చూసుకున్నాను. అచ్చం నాయన కళ్ళే. దాంతో నా చేతి మీద కూడా నాకు నమ్మకం పోయింది.

ముత్తాతను చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మా అవ్వ ఒక్కతే. ఆయనకు కోడలు, ఈ ముగ్గురికీ తల్లి. కదిర్కామంలో కూతురి దగ్గర ఉంటుంది. అవ్వ ఏ పోలిక అంటే అదే ఖాయమని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక, ఎవరు ముందుగా పోయి అవ్వ చెవిలో ఊదుతారోనని ఒకరికొకరు కాపలా కాసుకుంటూ ఒకే ఆటోలో వచ్చారు.

అవ్వ మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. లాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టి నేను కింద కూర్చున్నాను. ముగ్గురూ ఆమె వెనక మెడలు చాచి నిలబడ్డారు. అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఎవురు ఈన?"

"నీ మామ అవ్వా. ఇట్లనే ఉండెనా?"

అవ్వ ఫక్కున నవ్వింది. "మామ ముఖం నేను యాడ చూసినాను?"

"అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉంటివి కదమ్మా!" అన్నాడు పెద్దనాయన.

"ఉంటిలే. తలకాయ ఎత్తితే కదా చూసేది! ఆయన వస్తే తలుపు చాటుకి పోతా ఉంటిమి. పొద్దున్నే కాళ్ళకు మొక్కేది, అంతే." అని, వేలితో స్క్రీన్ కింది అంచును తడిమింది. "కాళ్ళు యాడ? కాళ్ళు చూపీ, చెప్తా."

నా బొమ్మ ఛాతీ దగ్గరే ఆగిపోయింది. అన్నేళ్ళు వండిపెట్టించుకుని తన ముఖం కూడా చూడనివ్వలేదా అని నాకు కోపం వచ్చింది. అవ్వకు అదేం పట్టలేదు.

"బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. చిటికెనవేలు పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంటాది, రెండు కాళ్ళకీ."

ముగ్గురు అన్నదమ్ములూ పంచెలు కొంచెం పైకి పట్టుకుని ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. వేళ్ళన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. అవ్వ మాత్రం నేల మీదికి చూస్తోంది, నా వైపు. మెల్లగా వంగి నా కాలివేళ్ళ మీద చెయ్యి వేసింది. పొడుగు వేలు తడిమింది, ఎక్కి కూర్చున్న చిటికెనవేలు తడిమింది. తడిమి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకుంది.

"వద్దవ్వా!" అని కాళ్ళు లాక్కున్నాను. నాకు ఏడుపు వచ్చేసింది.

"ముందే చెప్పిపెట్టినావా అమ్మకి?" అన్నాడు పెద్దనాయన. చిన్నాయన వంగి నా కాళ్ళను పరీక్షగా చూశాడు, వాటిని కూడా దిద్దుకున్నానేమోనన్నట్టు.

ఆ ముఖాన్ని తీసేశాను. వెబ్‌సైట్‌లో ఆ చోట ఇప్పుడు కొట్టు గడప ఫొటో ఉంది, గీతలూ మరకలూ ఏవీ చెరపకుండా. విల్లియనూరులో బోర్డు ఇంకా లేవలేదు. నేను కొట్టుకు వెళ్ళి గడప ముందు చెప్పులు విడిచినప్పుడల్లా, ముగ్గురూ చేస్తున్న పని ఆపి నా కాళ్ళ వైపు అనుమానంగా చూస్తారు. చూడనిస్తాను. ఆ తర్వాత కుడికాలు ముందుపెట్టి లోపలికి పోతాను.