ఉయ్యూరు లైనుకు ఆయన వేసే రెండో ప్రశ్న

మా బావగారు పోయారు. గవర్నర్‌పేటలో బట్టల షాపుల ముందు మైకు పట్టుకుని వాక్యం చెబుతుంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేవట్లేదురా," అంది. మైకు ఆపడం మర్చిపోయాను. నా ఊపిరి ఆ వీధి చివరిదాకా వినపడిందని తరువాత మా వాళ్లు చెప్పారు.

ఈ పత్రికలో నా రాతలు చదివేవారికి నా గొంతు తెలుసు. ఏ బైబిలు కాలేజీలోనూ చదువుకోలేదు. సంచిలో ఉన్న గ్రంథమే నా బడి. నిలబడితే అరుస్తాను. ఈసారి అరిచే ఓపిక లేదు. కోపం మాత్రం ఉంది.

బావగారు బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెట్‌వర్కు చూసేవారు. ఉయ్యూరులో, మంగళగిరిలో దాని శాఖలున్నాయి. అక్కడి కంప్యూటర్లకూ ఇక్కడివాటికీ మధ్య దారి చూపించే పెట్టెలను రూటర్లంటారు. అవి ఆయన బాధ్యత. నాకు ఆయన చెప్పింది ఇదీ: "దారి మనం చేత్తో రాసిపెడితే, అది తెగిన రోజు పని ఆగిపోద్ది. అదే వాటిలో వాటిని మాట్లాడుకోనిస్తే, ఒకదాన్నొకటి హలో అని పలకరించుకుంటా ఉంటాయి. పలకరింపు ఆగిందనుకో, పక్కవాడు పోయాడని మిగతావాటికి చెప్పేసి వేరే దారి చూసుకుంటాయి."

"మన సంఘంలో వందనాలు చెప్పుకున్నట్టు," అన్నాను.

"మీ వాళ్లు ఆదివారం ఒక్కరోజే కదయ్యా చెప్పుకునేది. ఇవి సెలవు పెట్టవు."

ఆరాధనకు వచ్చి చివరి బెంచీలో ఫ్యాను కింద కూర్చునేవారు. ప్రసంగం సాగితే వాచీ విప్పి, నాకు కనపడేలా చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. నేను చెప్పినవాటిలో ఆయనకు బాగా నచ్చింది ఒకటే. గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి దారి లేకపోతే, ఇంటి కప్పు విప్పి రోగిని పరుపుతో సహా ప్రభువు ముందుకు దించిన నలుగురి సంగతి. "వాళ్లూ మా డిపార్టుమెంటే బోధకుడు గారూ," అనేవారు.

ఉయ్యూరుకు మొదట ఒకటే లైను ఉండేది. అది తెగితే ఎలాగని ఆయనే పట్టుబట్టి రెండోది వేయించారు. వేసిన సాయంత్రం మా కూడికలకు మైకులు సర్దుతూ, ఉయ్యూరు శాఖలో కంప్యూటర్లు చూసే అమ్మాయికి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"లిస్టులో పక్కవాడు కనపడుతున్నాడా అమ్మా?"

"కనపడుతున్నాడండి సార్."

"సరేనమ్మా, ఉంటా."

పక్కవాడంటే అవతలి చివర పెట్టె. దాని పేరుకు ఎదురుగా ఇంకో మాట కూడా ఉంటుంది. రెండు పెట్టెలూ తమకు తెలిసిన దారులన్నీ ఇచ్చిపుచ్చుకున్నాక అక్కడ ‘ఫుల్’ అని వస్తుంది. ఆ రోజు రాలేదు. బావగారు అడగలేదు. సార్ అడగనిది మనం చెబితే ఏం బాగుంటుందని ఆ అమ్మాయి చెప్పలేదు. మన వైపు మర్యాద అలాంటిది. అండీ అనేశాక ఇంక అవతల ప్రశ్న ఉండదు.

కాలవ పక్కన పొక్లెయిన్‌తో తవ్వుతూ మొదటి లైను తెంపేసిన రోజు, రెండోది అందుకోలేదు. అదే పొద్దున చెరుకు ట్రాక్టరు తిరగబడి తలకు దెబ్బ తగిలిన కూలీ ఒకతన్ని ఉయ్యూరు శాఖకు తెచ్చారు. స్కాను బెజవాడలో పెద్ద డాక్టరు చూడాలి. అది రావడం లేదు. ఫోన్లో ఫొటో తీసి పంపితే ఆయనకు ఏమీ తేలలేదు. బావగారు నా బండి వెనక ఎక్కారు. కంకిపాడు దగ్గర ఎదురుగా అంబులెన్సు వెళ్లింది. స్కాను కోసం చూసి చూసి చివరికి ఆ మనిషినే బెజవాడ పంపుతున్నారని మాకు అప్పటికి తెలియదు.

ఉయ్యూరులో పెట్టె ముందు కూర్చుని కేబుల్ పెట్టి చూశారు. "హలోలు చిన్నవి కాబట్టి దూరాయి. దారుల పట్టీ పెద్ద మూట. అంత మూట నాకు పట్టదంటోంది ఈ చివర. రెండు వైపులా కొలత ఒకటి చెయ్యాలి."

"సైజు పట్టించుకోవద్దని ఒక కమాండ్ ఉందంట కదండీ సార్, అది కొడితే తొందరగా..." అంది ఆ అమ్మాయి.

"కొడితే ఫుల్ అనే చూపిస్తదమ్మా. రేపు పెద్ద స్కాను మధ్యలో పడిపోద్ది. వద్దు."

కొలత సరిచేశారు. ఫుల్ అని వచ్చింది. స్కాను కూడా వెళ్లింది. అప్పటికే ఆ మనిషి అంబులెన్సులోనే చనిపోయాడని ఫోనొచ్చింది. ముందే చూసినా బతికేవాడు కాదేమోనని డాక్టర్లు అన్నారు. బావగారు ఒప్పుకోలేదు. "బతికేవాడో కాదో దేవుడికి తెలుసు. అడగాల్సింది అడగనిది నేను."

అప్పటినుంచి ఆ రెండో ప్రశ్న ఆయన నోటికి అంటుకుపోయింది. రోజూ ఉయ్యూరుకు ఫోన్. కనపడుతున్నాడా? ఫుల్లేనా? మనుషులనూ వదల్లేదు. బాగున్నామని ఎవరైనా అంటే, "బాగున్నారు సరే, ఫుల్లేనా?" అనేవారు. మా సంఘపెద్ద ఒకాయన నొచ్చుకుని, "నేనసలు ముట్టనండి," అన్నాడు. అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్నకు మా చర్చి గోడ పక్కన నిలబడి ఏడ్చిన ఆడవాళ్లను నేను చూశాను. నా ప్రసంగాలకు వాళ్లు ఎప్పుడూ ఏడవలేదు.

ఈ ఏడాది ఆయన చిక్కిపోయారు. నేను అడిగాను. ఆయన ప్రశ్నే ఆయనకు వేశాను. "బావగారూ, ఫుల్లేనా?"

"ఫుల్లేలేవయ్యా," అని నవ్వారు.

అబద్ధం. కడుపులో కాన్సరని మామిడికాయల రోజుల్లోనే ఆయనకు తెలుసు. శవం దగ్గర ఆసుపత్రి డాక్టరు చెప్పారు. ఇంట్లో చెప్పమంటే, "అంత మాట మా ఇంట్లో పట్టదండి," అన్నారట. నా కోపం అదీ. ఒకరి బరువు ఒకరు మోయమని లేఖనం చెబుతుంటే, పట్టదని ఆయన ఎలా తేల్చేశారు? సైజు పట్టించుకోవద్దనే కమాండ్ వద్దన్న మనిషి, తన పేరు పక్కన ఫుల్ అని ఎలా చూపించారు? తెల్లబట్ట కప్పిన ఆయన ముందు నిలబడి అడిగాను.

అక్కే నన్ను పక్కకు లాగింది. "అరవకురా. చెప్పలేదనకు. గ్యాసు బుక్ చేయడం నాతోనే చేయించారు. కరెంటు బిల్లు నాతోనే కట్టించారు. బండి నేర్చుకోమని పోరారు. బీరువా తాళం నా కొంగుకు కట్టారు. నాకే అర్థం కాలేదు."

అక్కకు రూటర్ల సంగతి తెలియదు. పెద్ద మూట పట్టని దారిలో, దాన్ని విప్పి చిన్న చిన్న మూటలుగా పంపుతారని ఆయన ఒకసారి నాకు చెప్పారు. మూటలన్నీ అందాయి. కలిపి చూసుకోవడమే మా వల్ల కాలేదు. కోపం పోయిందని చెప్పను. ఎవరి మీద ఉంచుకోవాలో ఇప్పుడు తెలియడం లేదు.

సమాధుల తోటలో పెట్టె దించేముందు ఉయ్యూరు అమ్మాయి ముందుకు వచ్చింది. బస్సు దిగి పరుగున వచ్చినట్టుంది, చెప్పులకు బురద. పెట్టె మీద చెయ్యి వేసింది.

"వందనాలండీ సార్. పక్కవాడు కనపడుతున్నాడండి," అంది.

మూత దగ్గర తల వంచి, రెండో ప్రశ్న కోసం అలాగే నిలబడింది. తాళ్లు పట్టుకున్నవాళ్లు కూడా ఆగారు.