మొదటి గడిలో ఇంటిపేరు

మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటా ఉంటే ఫోనొచ్చింది. నాతోపాటు కంప్యూటర్ నేర్చుకున్న స్నేహితుడు. "సారు పోయినాడప్పా. పొద్దున్నే. చిత్తూరులోనే, ఇంట్లోనే" అన్నాడు. కిడ్నీలు పాడై ఏడాదిగా మంచానే ఉన్నాడంట. నేను "అట్లనా" అన్నాను. అంతే అన్నాను. మిగిలిన అన్నం కూడా తిన్నాను. చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ తలకెక్కలేదు, ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయిందని.

పోయినవాళ్ళ గురించి మంచి రాయల్ల అంటారు. సారు గురించి మంచే రాస్తాను, ఉన్నదే అది. నా గురించి కూడా రాయక తప్పదు. అది మంచి కాదు. చదివే మీరు కొంచెం ఓర్చుకోండి.

తిరుపతిలో ఒక మందుల షాపు మిద్దె మీద, రెండు గదుల్లో, నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని మా సారు డేటాబేస్ నేర్పించేవాడు. అంతకు ముందు చిత్తూరు పక్కన ఒక చక్కెర ఫ్యాక్టరీలో పని. ఎవరి చెరుకు బండి ఎప్పుడొచ్చింది, ఎంత తూగింది అనేది కంప్యూటర్లో ఎక్కించే పని. ఫ్యాక్టరీ మూతపడినాక ఆ తెలివిని మాకు పంచను మొదలుపెట్టినాడు.

నేను మా ఊరు ఐరాల నుంచి డిగ్రీ కాగితం పట్టుకుని తిరుపతికి వచ్చింది వై.టూ.కె. గోల ముగిసిన రెండువేల సంవత్సరంలో. బస్టాండు నుంచి రైల్వే స్టేషను దాకా యాడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మా నాయన ఒకే మాట చెప్పి పంపినాడు. "ఏదో ఒకటి గట్టిగా నేర్సుకో. ఒగ సారికే నా చేతనయ్యేది. రెండో సారి అడగబాక." అందుకని నాకు తప్పు కోర్సులో చేరేంత వెసులుబాటు లేదు.

మొదట ఏసీ ఉండే పెద్ద ఇన్‌స్టిట్యూట్‌కు పోయినాను. ఆరు నెలల్లో తొమ్మిది సబ్జెక్టులు, చివర్లో బంగారు అక్షరాల సర్టిఫికేట్ అని రంగుల కాగితం ఇచ్చినారు. అది పట్టుకుని, ఎవరో చెప్తే, సారు దగ్గరికి పోయినాను. ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, కింద అచ్చేసినోడి పేరుతో సహా చదివినాడు.

"తొమ్మిది నేర్పిస్తారంట. ఈత రావల్లంటే ఒగ బాయిలో దిగల్ల గానీ, తొమ్మిది బాయిల్లో కాళ్ళు కడుక్కుంటే వస్తాదా అబ్బా?" అన్నాడు.

"సర్టిఫికేట్ ఇస్తారంట సార్."

"ఎవురు? వాళ్ళే నేర్పి, వాళ్ళే బాగుందని రాసిచ్చుకుంటే అది పెండ్లికొడుకును వాళ్ళమ్మ పొగిడినట్లు. డేటాబేస్ చేసిన కంపెనీ పెట్టే పరీక్ష ఏరే ఉండాది. మద్రాసుకు పోయి రాయల్ల. మన మొగం ఎరగనోడు ఇచ్చే కాగితానికే ఇలువ. నా దగ్గిర సేరకపోయినా పర్వాలేదు. యాడ సేరినా, మిషన్ మీద దినానికి ఎన్ని గంటలు కూసోబెడ్తారో అడిగి సేరు."

వెనక్కి పోయి అడిగినాను. మిషన్‌కు ముగ్గురు, వారానికి మూడు రోజులు అన్నారు. మరుసటి రోజు సారు దగ్గర చేరినాను.

ఆయన చెప్పే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. డేటాబేస్‌లో 'నల్' అని ఒకటుంది, గడి ఖాళీ అని అర్థం. సున్నాకూ దానికీ తేడా మాకు బుర్రకెక్కేది కాదు. సారు చెరుకు బండ్లు తోలుకొచ్చినాడు. "బండి తూకమేస్తే ఏమీ తూగలేదు. అది సున్నా. అసలు బండి వచ్చిందో రాలేదో మనకు తెలీదు. అది నల్. లేకపోవడం ఏరే, తెలీకపోవడం ఏరే. ఈ తేడా తెలిస్తే సగం సదువు వచ్చినట్లే" అనేవాడు. కరెంటు పోతే మేము లేచి బీడీ వాసన కొట్టే మిద్దె మెట్ల మీదికి పారిపోదామని చూసేవాళ్ళం. వదిలేవాడు కాదు. "కరెంటు పోయింది, నోరు పోలేదు గదా" అని చీకటి గదిలో కూర్చోబెట్టి, కమాండ్లు నోటితో చెప్పించేవాడు. ఫ్యాక్టరీలో ఒకసారి మూడు నెలల లెక్క మొత్తం పోయిందంట. నకలు తీసిన బ్యాకప్ టేపు ఉండాదని అందరూ ధైర్యంగా ఉన్నారంట, తెరిస్తే అందులో ఏమీ లేదంట. "బ్యాకప్ తీసినానని నాకు సెప్పబాకండి. తిరిగి ఎక్కించి సూసినారా? అది సెప్పండి." ఈ మాట కనీసం వందసార్లు విన్నాను. అప్పుడు నవ్వుకునేవాళ్ళం.

ఎనిమిది నెలలకు పరీక్షకు తయారైనాను. చెన్నైలో ఒక చిన్న కంపెనీ వాళ్ళు నన్ను చూసి, నెలాఖరులోగా ఆ సర్టిఫికేట్ తెస్తే తీసుకుంటామన్నారు. ఫారం నింపను సారే నన్ను ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయినాడు. తెర మీద రెండు గడులు. ఒకటి ఫస్ట్ నేమ్, ఒకటి లాస్ట్ నేమ్. సారు పైకే చదివినాడు. "ఫస్ట్ అంటే మొదటిది. మన పేర్లో మొదట వచ్చేదేంది? ఇంటిపేరే గదా!" అని ఆ గడిలో 'కొత్తూరు' అని కొట్టినాడు. నా పేరు మునిశేఖర్‌ను చివరి గడిలో పెట్టినాడు. ఫస్ట్ నేమ్ అంటే మనిషికి పెట్టిన పేరని మా ఇద్దరికీ తెలీదు. పక్కన కూర్చుని "అవున్సార్" అన్నది నేనే. అది మర్చిపోకండి, నేను చాలా ఏళ్ళు మర్చిపోయినాను.

పరీక్ష రోజు తెల్లారే బస్సుకు సారు కూడా వచ్చినాడు. నేనొద్దన్నా వినలేదు. సెంటర్‌లో ఒకమ్మాయి నా గుర్తింపు కార్డు చూసింది. కార్డులో 'కె. మునిశేఖర్' అని ఉండాది. ఆమె తెరలో నా మొదటి పేరు కొత్తూరు.

"కొత్తూరు ఎవరు?" అనడిగింది ఇంగ్లీషులో.

"ఇంటిపేరు" అన్నాను. ఆ మాటను ఎట్లా చెప్పాలో నాకు ఇంగ్లీషులో రాలేదు. తమిళంలో అసలే రాలేదు.

"అప్పా పేరు ఎన్న?" అంది. నాయన పేరేంది అని. సుబ్రమణ్యం అన్నాను. "అట్లయితే ఎస్ గదా ఉండల్ల? కె యాడిది?" అన్నట్టు చూసింది. వాళ్ళకు పేరు ముందర అక్షరమంటే తండ్రి పేరే. ఇంటికొక పేరుంటుందని ఆమెకు తెలీదు. ఆమె తప్పేం లేదు. కార్డులో లేని పేరు మీద లోపలికి పంపను కుదరదనింది. కట్టిన ఫీజు తిరిగి రాదనింది. సారు తనకు వచ్చిన అరకొర తమిళంలో చెప్పినాడు, బతిమాలినాడు, తన కూతురి వయసు పిల్లకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడు. "నా తప్పమ్మా, పిల్లోని తప్పు కాదు" అన్నాడు. ఆ పిల్ల ఇబ్బందిగా తల దించుకునింది గానీ తలుపు తీయలేదు.

తిరుగు బస్సు పుత్తూరు దాటింది. అప్పుడు సారు "ఇంకో తేదీ సూద్దామబ్బా, ఫీజు నేను..." అన్నాడు. నేను పూర్తి చేయనీలేదు. "పేరు రాయను రానోడివి, నువ్వేం సదువు చెప్తావు?" అన్నాను.

నువ్వు అన్నాను. ఎనిమిది నెలలు మీరు, సారు అని పిలిచిన మనిషిని. బస్సులో ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసినాడు. సారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను తిరుపతి దాకా ఉండకుండా రేణిగుంటలోనే దిగిపోయినాను. మళ్ళీ ఆ మిద్దె ఎక్కలేదు.

నెలాఖరు దాటిపోయింది, ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆ మరుసటేడు కంపెనీలన్నీ చేతులెత్తేసినాయి, ఉన్నోళ్ళనే ఇంటికి పంపినారు. నాయనను రెండో సారి అడిగే మొగం నాకు లేదు. చివరికి రేణిగుంటలో ఒక సరుకుల గోడౌన్‌లో, లారీల లోడు కంప్యూటర్లో ఎక్కించే పని దొరికింది. ఇప్పటికీ ఆడే ఉన్నాను.

ఒకసారి గోడౌన్ కంప్యూటర్ చచ్చింది. ఓనరు తల పట్టుకున్నాడు. నేను వారం వారం బ్యాకప్ తీసి, తిరిగి ఎక్కించి చూసుకునేవాణ్ణి. సాయంత్రానికల్లా లెక్కంతా తెర మీద పెట్టినాను. "యాడ నేర్చుకున్నావప్పా ఇది?" అని ఓనరు నా భుజం తట్టినాడు. "పుస్తకాలు చూసి" అన్నాను. చెప్పుతో కొట్టాల్సింది నన్ను.

ఫోనొచ్చినాక సారును ఆఖరుసారి చూడను చిత్తూరు పోయినాను. పాడె లేచేముందు, మా తర్వాతెప్పుడో సారు దగ్గర చదివిన ఒకమ్మాయి నా పక్కన నిలబడి ఏడుస్తా ఉండాది. బెంగళూరులో డేటాబేస్ పని చేస్తుందంట. నేనెవరో ఆమెకు తెలీదు. మాటల్లో చెప్పింది. ప్రతి బ్యాచికీ మొదటి రోజు సారు బోర్డు మీద రెండు గడులు గీసేవాడంట. "ఈ గడిలో ఇంటిపేరు రాసి నేను ఒగ పిల్లోని బతుకు సెడగొట్టినాను. నాకన్నా బాగా సదివినోడు వాడు. నన్ను నమ్మొద్దండి, మీ కార్డు సూసి మీరే రాసుకోండి" అనేవాడంట.

"ఎవురు సార్ ఆ పిల్లోడు అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదన్నా" అంది. నేనూ చెప్పలేదు.

ఇంకొకటుంది. ఇది ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు. మూడేళ్ళ కింద పార్సిల్ పనికి రేణిగుంట స్టేషనుకు పోయినాను. ఎదురు బెంచీ మీద సారు. చిక్కిపోయినాడు, చొక్కా వేరేవాళ్ళది మాదిరి వేలాడతా ఉండాది. నన్ను చూసినాడు, గుర్తుపట్టినాడు. గబుక్కున లేచి చెయ్యెత్తినాడు. మొగమంతా నవ్వు. నేను సెల్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. "ఆ, చెప్పండి, చెప్పండి" అని ఎవరూ లేని ఫోన్లో మాట్లాడతా పక్కకు తిరిగినాను. ఓరకంటితో చూస్తానే ఉన్నాను. ఆ చెయ్యి కాసేపు అట్లే గాల్లో ఉన్నింది. బెంచీ మీదోళ్ళు ఈయన ఎవరికి చెయ్యెత్తినాడా అని చూస్తా ఉన్నారు. సారు ఆ చేతిని మెల్లగా తల మీదికి తెచ్చుకుని, జుట్టు సవరించుకున్నట్టు రెండుసార్లు దువ్వుకున్నాడు. దువ్వుకునేంత జుట్టు కూడా లేదు ఆయనకు.