బిలాస్‌పుర్‌కి హీటరెందుకు

కారు ఇంజనుని చల్లబరిచే కూలెంట్ వాసన తియ్యగా ఉంటుంది. బెల్లప్పాకం ముదిరి గిన్నె అడుగున మాడబోయే ముందు వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది గాని, దాని వెనకాల కాగిన రబ్బరూ, తుప్పు పట్టిన ఇనుమూ కూడా ముక్కుకి తగులుతాయి. ఈ మధ్య, కార్తీకం వెళ్ళి చలి ముదురుతున్న రోజుల్లో, బిలాస్‌పుర్ తార్‌బహార్ పేటలో రఫీక్ అనే మెకానిక్ తన షెడ్డులో మా పెదనాన్న పాత అంబాసిడర్ డాష్‌బోర్డు మొత్తం ఊడదీసి గోనెసంచుల మీద పరిచి, దాని వెనక ఉన్న నల్లటి పెట్టెని విప్పేసరికి ఆ వాసన గుప్పుమంది. పెట్టె అడుగున ఆకుపచ్చ మరక ఎండి జిగురు కట్టి ఉంది. “ఇత్‌నే సాల్ కిసీనే ఖోలా నహీ, దీదీ,” అన్నాడు రఫీక్. నిజమే, ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ విప్పలేదు. ఎందుకు విప్పలేదో అతనికి చెప్పాలంటే మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అది షెడ్డులో నిలబడి చెప్పే మాట కాదు.

మా నాన్నా, పెదనాన్నా ఇద్దరూ శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే ఉద్యోగాలకి వచ్చి బిలాస్‌పుర్‌లో స్థిరపడ్డవాళ్ళు. మా క్వార్టరూ, వాళ్ళ క్వార్టరూ ఒకే వరసలో పక్కపక్కన ఉండేవి. వాళ్ళకి పిల్లల్లేరు. అందుకని నేను అన్నం ఒకింట్లో తిని నిద్ర ఒకింట్లో పోయేదాన్ని. ఆ వరసలో ఏ గుమ్మం ముందు చూసినా తెలుగు ముగ్గే, ఏ వంటింట్లోంచి వచ్చినా చింతపండు పులుసు వాసనే. వేసవి పొద్దుల్లో పక్కవీధి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు చిన్న చిన్న గంపల్లో తెందూ పళ్ళు, అంటే మన తునికి పళ్ళు, తెచ్చి అమ్మేవాళ్ళు. వానాకాలం మొదలవగానే గోడలు చెమ్మగిల్లి ఆకుపచ్చగా నాచు పట్టేవి. దసరాకి పెద్దమ్మ పాకుండలు వండితే ఆ బెల్లమూ నువ్వులూ కలిసిన వాసన వరస చివరిదాకా పాకి, పిలవకుండానే పిల్లలందరూ మా పెరట్లో పోగయ్యేవాళ్ళు. పుష్యమాసం పున్నమికి మేమూ స్థానిక పిల్లలతో కలిసి సంచులు పట్టుకుని “ఛేర్ ఛేరా” అని అరుచుకుంటూ ఇంటింటికీ తిరిగి కొత్త వడ్లు అడుక్కునేవాళ్ళం. పెద్దమ్మ మా సంచుల్లో దోసెడు వడ్లూ, వాటి మీద ఒక్కో చిమ్మిలి ఉండా వేసేది.

పెదనాన్న ఆవిరి ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్‌గా చేరాడు. అంటే పొయ్యిలోకి పారతో బొగ్గు ఎత్తి వేసే పని. తర్వాత డ్రైవరయ్యాడు, డీజిలూ నడిపాడు, కరెంటు ఇంజనూ నడిపాడు, కానీ ఆ మొదటి పొయ్యి వేడి ఆయన ఒంట్లోంచి ఎప్పటికీ పోలేదని పెద్దమ్మ అనేది. ఆయన పుష్యమాసంలో కూడా బనీనుతో అరుగు మీద కూర్చునేవాడు, చన్నీళ్ళు పోసుకునేవాడు, ఫ్యాను లేకపోతే నిద్ర పట్టదనేవాడు. బిలాస్‌పుర్ ఎండలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వైశాఖంలో పదిగంటలకే వీధి కుక్కలు కూడా మురిక్కాలవలో దిగి పడుకుంటాయి. ఆ ఎండల్లో మండే ఇంజను ముందు నిలబడి సగం జీవితం గడిపిన మనిషికి చల్లదనం మీద ఎంత ఆశ ఉంటుందో ఊహించుకోండి.

పెద్దమ్మ దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతులు కొంగులో దాచుకుని ఉండేది. చలికాలం వచ్చిందంటే పెదనాన్నకి రైల్వేవాళ్ళు ఇచ్చిన ముతక ఉన్ని కోటు చీర మీద తొడుక్కుని వంట చేసేది. అది ఆమె మోకాళ్ళ దాకా వచ్చేది, పెద్ద ఇత్తడి గుండీలు గిన్నెలకి తగిలి టింగుమనేవి. మేమంతా “స్టేషన్ మాస్టర్ పెద్దమ్మ” అని నవ్వేవాళ్ళం, ఆవిడా నవ్వేది. కుంపటి ముట్టిస్తే బొగ్గు పొగకి ఆయాసం వచ్చేది, ముట్టించకపోతే కీళ్ళు పట్టేసేవి. “మా వంశధార ఒడ్డున ఇంత సలి ఉండదే గుంటా, ఇక్కడి సలి ఎముకలోకి దూరిపోతాది,” అనేది నాతో.

పెదనాన్న రిటైరవడానికి చాలా ఏళ్ళ ముందే, బొగ్గు గనుల కంపెనీలో పెద్ద అధికారి ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ తన తెల్ల అంబాసిడర్‌ని ఆయనకి అమ్మేశాడు. మామూలు అంబాసిడర్ కాదు, ఏసీ ఉన్నది. ఆ రోజుల్లో మా వరసలో స్కూటరుంటేనే గొప్ప. పెదనాన్న దాన్ని తెచ్చి వేపచెట్టు కింద ఆపి, అద్దాలన్నీ ఎత్తి, నీలం మీట తిప్పి, పిల్లల్ని ఒక్కో జట్టుగా ఎక్కించుకుని కూర్చోబెట్టాడు. బయట వడగాలి దుమ్ము లేపుతుంటే లోపల మేము దంతాలు టకటకలాడించుకుంటూ, ఒకరి చేతి మీద ఇంకొకరు చెయ్యి పెట్టి “ఠండా, ఠండా” అని అరిచాం. పెదనాన్న ముఖం చూడాలి ఆ వేళ. కళ్ళు మూసుకుని, గాలి వచ్చే సందుకి మెడ ఆనించి, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

నీలం మీట పక్కనే ఎర్ర మీట ఒకటి ఉండేది. అదేమిటో పెద్దమ్మే ముందు కనిపెట్టింది. ఇంజనులో కాగిన నీళ్ళు రెండు రబ్బరు గొట్టాల గుండా లోపలి పెట్టెలోకి వచ్చి, అరచేతులు రెండూ కలిపినంత రేడియేటర్లో తిరిగి వెళ్తాయి. దాని మీదుగా ఫ్యాను గాలి వెచ్చగా మన కాళ్ళ మీదికి వస్తుంది. ఆ చిన్న రేడియేటర్నే హీటర్ కోర్ అంటారని నాకు ఇప్పుడు తెలుసు. పెద్దమ్మకి ఆ పేర్లేవీ తెలీవు. బుధవారీ బజారు నుంచి కూరలు తెచ్చుకుని ఇంటి ముందు ఆగగానే, పెదనాన్న బండి తాళం తీయబోతుంటే, “ఉండండుండండి, ఒకపాలి ఆ ఎర్రది తిప్పండి,” అనేది.

“ఏటే, ఇల్లొచ్చీసింది కదా!”

“రానీండి. ఇల్లెక్కడికి పోతాది?”

ఆయన గొణుక్కుంటూ తిప్పి, తాను దిగిపోయి బనీనుతో అరుగెక్కేవాడు. మేమిద్దరం లోపలే ఉండిపోయేవాళ్ళం. ఆవిడ చెప్పులు విడిచి పాదాలు ఆ వెచ్చటి గాలికి చాచి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, కొత్త బఠాణీలు ఒలిచేది. నేను వెనకసీటు మీద నుంచి వేలాడుతూ ఒలిచినవి ఒలిచినట్టు తినేసేదాన్ని. ఆ కాసేపూ ఆవిడకి ఆయాసం ఉండేది కాదు. తన చిన్నతనంలో మాఘమాసం తెల్లవారుజామున ఆడపిల్లలంతా నదికి వెళ్ళి స్నానాలు చేసి, ఇసుకలో మంట వేసుకుని జుట్టు ఆరబెట్టుకునే సంగతులు చెప్పేది. పెళ్ళయి వచ్చాక మాఘస్నానం మళ్ళీ కుదర్లేదట. “మనూరు పోలేం గాని, నర్మద పుట్టిన సోటు ఇక్కడే ఉంది కదే. మాఘంలో ఒక్కసారి ములిగితే సాలు,” అనేది. ఆ అమర్‌కంటక్ కొండ మీద చలికాలం గడ్డి మీద మంచు పేరుకుంటుందని అందరూ చెప్పేవాళ్ళు. కానీ ఇప్పుడు హీటరున్న బండి ఉంది కదా అని ఆవిడ ధైర్యం.

ఆ ఏడు మాఘంలో నిజంగానే బయల్దేరాం. పెదనాన్న నడుపుతున్నాడు, ఆయన పక్కన పెద్దమ్మ, వెనక నేనూ ఒక పెద్ద పులిహోర గిన్నే. అచానక్‌మార్ అడవి దాటేదాకా ఆవిడ పాదాలు హీటరు ముందు పెట్టుకుని కూనిరాగం తీస్తూనే ఉంది. ఘాటు రోడ్డు ఎక్కుతుండగా లోపల తియ్యటి వాసన మొదలైంది. “గిన్నెలో పానకమేటైనా ఒలికిందేటే?” అని వెనక్కి తిరిగి నన్నడిగింది. అంతలోనే గాలి వచ్చే సందుల్లోంచి తెల్లగా పొగలాగా ఆవిరి వచ్చి ముందు అద్దమంతా మసకబారిపోయింది. పెదనాన్న తల బయటికి పెట్టి చూసుకుంటూ బండిని ఎలాగో ఒక పక్కకి ఆపాడు. అప్పటికి హీటరు పెట్టెలోంచి మరిగిన నీళ్ళు పెద్దమ్మ పాదాల మీదికి కారాయి. ఆవిడ అరవలేదు, కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది, అంతే. తలుపు తీశాక చూస్తే పాదాలు ఎర్రగా కమిలి ఉన్నాయి.

ఆయన రైలింజన్ల మనిషి, కంగారు పడలేదు. ఇంజను చల్లారేదాకా ఆగి, హీటరుకి వెళ్ళే గొట్టాల్ని చాకుతో కోసి, ఒకదాన్నే వంచి రెండు కొసలూ ఇంజనుకే బిగించి, వాగు నీళ్ళు పోసి, బండిని కదిలించాడు. పైకి వెళ్దామని పెద్దమ్మ అంది. ఆ కాళ్ళతో ఎలా వెళ్తామని ఆయన వెనక్కి తిప్పేశాడు. కొండ ఇంకా కొంచెమే ఉంది. ఆవిడ తిరిగి తిరిగి చూసింది. “పోనీండి, వచ్చే ఏడు,” అంది చివరికి.

ఊళ్ళో మెకానిక్కులు ఒకే మాట చెప్పారు. ఏసీ కాయిలూ హీటరు కోరూ ఒకే పెట్టెలో ఉన్నాయి. కోరు మార్చాలంటే డాష్‌బోర్డంతా విప్పాలి, ఏసీ గ్యాసు వదిలేయాలి, పెట్టె బయటికి తీయాలి. మళ్ళీ బిగించాక ఏసీ మునుపటిలా చల్లగా వస్తుందని మాట మాత్రం ఇవ్వలేం అన్నారు. పెదనాన్న ఆలోచించలేదు కూడా. “అచ్ఛా, ఉండనీండి. బిలాస్‌పుర్‌కి హీటరెందుకు?” అన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి వింది. అప్పుడు ఒకటి రెండు సార్లు అడిగింది. మరుసటి కార్తీకంలోనూ అడిగింది: “నాకు సలేస్తందండీ, బాగు సేయించండి.” ఆయన నవ్వుతూ, “అన్ని కోట్లు తొడుక్కుంటావు, ఇంకా సలేటే?” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చలి అంటే ఏమిటో ఆయనకి తెలీదు, అంతే. ఆ తర్వాతి వైశాఖంలో ఆయనే సరదాపడి అమర్‌కంటక్ తీసుకెళ్ళాడు. దారి పొడుగునా నీలం మీట తిరిగే ఉంది. ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుని, పైన దోసిలితో నీళ్ళు తల మీద చల్లుకుని, తిరిగి వచ్చి బండెక్కింది. ములగలేదు.

ఆ తర్వాత చలికాలాల్లో పెద్దమ్మ బజారుకి రావడం మానేసింది. ముందు బజారు, తర్వాత గుడి, తర్వాత తెలుగు సంఘంవాళ్ళ వనభోజనం, ఒక్కొక్కటే. ఎందుకు రావని అడిగితే కీళ్ళనేది, పొయ్యి మీద పాలనేది. కారు వేపచెట్టు కింద ఉండేది, ఆవిడ కిటికీ లోపల ఉండేది. నాకు పెళ్ళయి ఊళ్ళోనే దయాల్‌బంద్ వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, పుష్యమాసంలోనే, ఆయాసం ఎక్కువై ఆవిడ పోయింది.

పెదనాన్న ఇప్పుడు తార్‌బహార్‌లో చిన్న ఇంట్లో ఉంటున్నాడు. ఎనభై దాటింది. కిందటి చలికాలం మొదలు ఆయనకి చలి పట్టుకుంది. వేసవిలో కూడా దుప్పటి వదలడు, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటాడు. మొన్న నేను చూడబోతే, మిగతా మాటలేవీ లేకుండా, “ఆ బండిలో హీటరు బాగు సేయించీయే అమ్మా,” అన్నాడు. అలా ఆ బండి రఫీక్ షెడ్డుకి చేరింది. కొత్త కోరు ఎక్కడా దొరకలేదు. రేడియేటర్లు చేసే అతని చేత రాగితో చేయించి రఫీక్ బిగించాడు. చల్లగాలి కూడా బాగానే వస్తోంది. అన్నాళ్ళూ భయపడ్డది ఏదీ జరగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని ఎక్కించుకున్నాను. మంకీ క్యాపూ, మఫ్లరూ, ఉన్ని మేజోళ్ళూ వేసుకుని వచ్చి అలవాటుగా డ్రైవరు వైపు వెళ్ళి, నన్ను చూసి ఆగి, చుట్టూ తిరిగి పెద్దమ్మ వైపు ఎక్కాడు. ఆ సీట్లో ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎర్ర మీట తిప్పాను. కాసేపటికి వెచ్చటి గాలి ఆయన కాళ్ళ మీదికి రావడం, ఆయన భుజాలు కిందికి దిగడం కనిపించింది. “కాలనీ ఏపు పోనీ,” అన్నాడు.

మా పాత వరస పడగొట్టేశారని నాకు తెలుసు గాని ఆయనకి చెప్పలేదు. అక్కడ రేకుల కంచె, దాని వెనక చదునుగా తోసిన ఎర్రమట్టి, ఒక మూల ఇటుకల గుట్ట. వేపచెట్టు మొదలు కూడా లేదు. మా ఇల్లు ఎక్కడుండేదో, పెద్దమ్మ వంటిల్లు ఎక్కడుండేదో ఇద్దరం వేళ్ళతో చూపించుకోబోయాం, ఇద్దరి వేళ్ళూ వేర్వేరు చోట్లకి వెళ్ళాయి.

ఆయన పాదాలు ఇంకా ముందుకి జరిపి అడిగాడు.

“దానికీ ఇలాగే సలేసేదేటే?”

“ఆఁ, పెదనాన్నా.”

“ఇలా ఎముకలోకా?”

“ఆఁ.”

“మరి నాతో సెప్పొచ్చు కదే. సెప్తే సేయించనా?”

ఏమీ తెలీనట్టు ఊరుకోవచ్చు. ఆ వయసు మనిషికి ఒక చిన్న అబద్ధం చెప్తే పోయేదేమీ లేదు. కానీ ఆ గుమ్మంలో నిలబడి అడిగిన మనిషి తరఫున చెప్పడానికి ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

“చెప్పింది, పెదనాన్నా,” అన్నాను.

ఆయన మఫ్లరు కొసతో ముఖం తుడుచుకున్నాడు. కంచె పక్కన క్రికెట్ ఆడుతున్న పిల్లలు బండిని చూసి దగ్గరికొచ్చి, “అంకుల్, యే కౌన్‌సీ గాడీ హై?” అంటూ ఇదేం బండని అడిగారు. వాళ్ళలో ఒకడు మా ఎదురు క్వార్టరు వాళ్ళ మనవడు. తాత పేరు చెప్పి తెలుగులో పలకరిస్తే సిగ్గుపడి నవ్వి వెళ్ళిపోయాడు. ఒకప్పుడు ఈ వరసలో ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి, “ఏటలా నిలబడిపోయారు, లోపలికి రండి,” అనేవాళ్ళు.

కాసేపటికి, “పద,” అన్నాడు పెదనాన్న. ఇంటికా అని నేనడగలేదు. ఎర్ర మీట అలాగే ఉంచి, బండి తార్‌బహార్ వైపు తిప్పాను.