కింది అంతస్తు ఉద్యోగం

పసిపిల్లల్ని ముట్టుకునే ముందు దెయొలిందా తన రెండు అరచేతులూ కాఫీ గిన్నెకు ఆనించి వెచ్చచేసుకుంటుంది. మా ఊరు ఫాల్ రివర్‌లో చలి నది మీద నుంచి లేచి నేరుగా వంటింట్లోకి వస్తుంది. చల్లటి చేతులతో నిద్రలేపితే పిల్లల కల సగంలో తెగిపోతుందని, ఆ మిగతా సగం కోసం వాళ్లు రోజంతా ఏడుస్తారని ఆమె నమ్మకం.

మాది చెక్కతో కట్టిన మూడంతస్తుల ఇల్లు. పై వాటాలో నేను అద్దెకుంటాను. మధ్య వాటాలో దెయొలిందా, ఆమె కూతురు ఒదీలియా, అల్లుడు, మనవడు తియాగో. కింద ఫిలొమెనా, ఆమె కొడుకు జిల్బెర్తొ, కోడలు, మనవరాలు మాఫల్దా. రెండు కుటుంబాలదీ సముద్రానికి అవతల ఉన్న సావ్ మిగెల్ ద్వీపమే.

భర్త పోయాక, నలభై ఒకటో ఏట, కూతురి చెయ్యి పట్టుకుని దెయొలిందా ఈ ఊరికి వచ్చింది. కర్టెన్ల ఫ్యాక్టరీలో ఎనిమిదిన్నరేళ్లు కుట్టింది. ఇప్పటికీ కొన్ని తెల్లవారుజాముల్లో ఆ కర్టెన్లు కలలోకి వస్తాయట. కిటికీలూ గోడలూ ఉండవు. సముద్రం మీద వరసగా వేలాడుతూ, గాలికి ఉబ్బుతూ ఉంటాయట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె ఇళ్లు తుడిచింది. వాళ్లు చేతిలో డబ్బు పెట్టేవారు తప్ప కాగితం ఇచ్చేవారు కాదు.

ముసలితనంలో ఇక్కడి ప్రభుత్వం పింఛను ఇవ్వాలంటే నలభై పాయింట్లు కావాలి. జీతం కాగితాల మీద ఉంటే ఏడాదికి నాలుగు వస్తాయి. దెయొలిందాకు ఫ్యాక్టరీ రోజులవి ముప్ఫై నాలుగు ఉన్నాయి. తియాగో పుట్టి, ఒదీలియా ఆసుపత్రి ల్యాబు ఉద్యోగానికి తిరిగి వెళ్లేటప్పుడు, "బిడ్డను చూసుకోవడానికి నిన్నే పెట్టుకుంటానమ్మా. అంతా పద్ధతిగా, కాగితాల మీద. నీ పాయింట్లూ వస్తాయి," అంది. ఆ ఏడాదంతా ప్రతి జీతంలోనూ పింఛను పన్ను పట్టుకుంది. జనవరిలో ఏడాది జీతం కాగితం రాయించడానికి ఇద్దరూ టాక్సులు రాసే అర్రుదా గారి దగ్గరకు వెళ్లారు.

అర్రుదా గారు కళ్లజోడు నుదుటి మీదకు తోశాడు. "నువ్వు పన్నేమీ కట్టక్కర్లేదమ్మాయీ."

"మంచిదేగా."

"నీకు మంచిదే. కన్నతల్లిని బిడ్డ కోసం పనికి పెట్టుకుంటే ఆ జీతం పింఛను లెక్కలోకి రాదు. పట్టుకున్నది ఆమెకు తిరిగిచ్చెయ్."

దెయొలిందా చేతిసంచీ ఒళ్లోకి లాక్కుంది. "పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఐదు దాకా చేశానయ్యా. అదంతా ఏమైనట్టు?"

"ప్రేమ కింద పోయింది."

"ఇంకే దారీ లేదా?"

"ఉంది. నీ కూతురు మొగుణ్ణి వదిలేస్తే ఇదే జీతం లెక్కలోకి వస్తుంది. నా మాట కాదు, చట్టంలోనే ఉంది."

దెయొలిందా కాసేపు కిటికీలోంచి మంచు పడటం చూసింది. "అల్లుడు మంచివాడే," అంది చివరికి.

"దానికి ఇంతసేపు ఆలోచించావా అమ్మా," అంది ఒదీలియా.

ఆ సాయంత్రం ఫిలొమెనా ఇదంతా విని, మడత పెడుతున్న దుప్పటి అలాగే గుండెలకు హత్తుకుని నిలబడిపోయింది. ఆమెకు పింఛను ఎప్పటి నుంచో వస్తోంది. జీతం లేకుండానే మనవరాలిని చూసుకుంటోంది. "నీ మనవణ్ణి నాకియ్యవే. నా మనవరాలిని నువ్వు తీసుకో. నీకు జీతం మావాడు ఇస్తాడు, నాకు నీ కూతురు ఇస్తుంది."

అర్రుదా గారు ఫోనులో ఒకే షరతు పెట్టాడు. కాగితం మీద మారితే చాలదు, నిజంగా మారాలి. ఒకరి ఇంటి పిల్లను మరొకరు రోజంతా చూసుకోవాలి.

"నువ్వు నాకు జీతమిస్తావుట్రా? నీ ముక్కు తుడిచిన దాన్ని," అంది దెయొలిందా, జిల్బెర్తొతో.

"ముక్కు తుడిచావు, వీపూ వాయించావు పిన్నీ. దానికి జీతంలో కోస్తాను."

సోమవారం ఏడింటికి ఆ అమ్మమ్మా ఈ నాయనమ్మా మెట్ల మీద ఎదురయ్యారు. ఒకరు దిగుతూ, ఒకరు ఎక్కుతూ.

అప్పటికి తియాగో అడుగులు వేస్తున్నాడు. కింది వాటాలో కూర్చుంటే వాడి నడక ఇంటి పైకప్పంతా తిరిగేది. కిటికీ దాకా వెళ్లి ఆగేది, మళ్లీ పొయ్యి వైపు వచ్చేది. దెయొలిందా మాఫల్దాను భుజాన వేసుకుని, తెలియకుండానే ఆ అడుగుల కింద తనూ నడిచేది. మధ్యాహ్నాలు నది మీద పొగమంచు కమ్మి వీధి కనబడకుండా పోయేది. ఆ తెల్లదనంలో భుజం మీద ఊపిరి తీస్తున్నది ఎవరి బిడ్డో ఒక్కోసారి ఆమెకు తెలిసేది కాదు.

ఫిబ్రవరిలో ఒకరోజు పైన వాడు ఏడుపు అందుకుని ఎంతకీ ఆపలేదు. దెయొలిందా మాఫల్దాను ఎత్తుకుని ఏడు మెట్లు ఎక్కింది. పైన తలుపు తెరుచుకుంది.

"నిన్ను చూస్తే ఇంక అసలు ఆగడు," అంది ఫిలొమెనా మెల్లగా. "దిగిపోవే. నీకింకా ఆరు పాయింట్లు కావాలి."

ఆమె దిగింది. పైనుంచి పాట వినబడింది. వాళ్ల ద్వీపంలో ఆవుల్ని పిలిచే పాట. ఏడుపు దాని వెంట మెల్లగా దూరమై, ఎక్కడో కొండల్లోకి వెళ్లిపోయినట్టు ఆగిపోయింది.

మరుసటి జనవరి ఆఖరి వారంలో జిల్బెర్తొ జీతం కాగితం తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. ముప్ఫై ఎనిమిది పాయింట్లయ్యాయి. ఇంక రెండు, మొదటిది ఈ మూణ్ణెల్లకు, రెండోది ఏప్రిల్ మొదలవగానే. అదే సాయంత్రం దెయొలిందా పైకి వెళ్లేసరికి తియాగో నిద్రమత్తులో ఫిలొమెనా మెడ చుట్టూ చేతులు వేసి "వావో" అన్నాడు. అమ్మమ్మను పిలిచే మాట.

"నేను నేర్పలేదే," అంది ఫిలొమెనా. "ఒట్టు."

"తెలుసు."

"మానేద్దామంటే చెప్పు. రేపటి నుంచే మానేద్దాం."

దెయొలిందా కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. "ఏప్రిల్ దాకా ఆగు," అంది. "వాడికి ఇద్దరున్నారని అనుకోనీ."

ఏప్రిల్ మొదటి తారీఖుతో నలభై నిండాయి. ఆ ఉదయం పైన ఉండిపోవచ్చని ఒదీలియా చెప్పింది. దెయొలిందా తలుపు దగ్గర ఆగింది. లోపల తియాగో, ఇంకా రాని ఫిలొమెనా కోసం వీధి కిటికీ ఎక్కి చూస్తున్నాడు. కింద మాఫల్దా తలుపును అరచేత్తో కొడుతోంది. ఆమె కిందికే దిగింది.

ఇప్పుడు దెయొలిందాకు అరవై ఎనిమిదేళ్లు. నెలకోసారి, బుధవారం నాడు, పింఛను బ్యాంకులో పడుతుంది. తియాగో బడికి వెళ్తున్నాడు, మాఫల్దాకు ఇంకా ఆ వయసు రాలేదు. ఆమె ఏడింటికి కింది వాటాలో పనిలోకి దిగుతుంది.