ఎడమ చేతి పక్కన గోడ

పరుగులో మా ఆర్మీ కంపెనీలో నన్ను కొట్టేవాడు లేడు. వీపున బరువు కట్టి పది కిలోమీటర్లు పరిగెత్తమన్నా నాకు లెక్క లేదు. నా భయమల్లా నీళ్లే. ఉప్పునుంతల దగ్గర మెట్ట చేన్లలో పుట్టినవాణ్ణి. నాకు ఊహ తెలిసేనాటికే మా బావి ఎండిపోయింది. ఈత ఎక్కడ నేర్చుకోను?

అయినా పరుగు చూసి నన్ను బెటాలియన్ పోటీకి ఐదుగురి జట్టులో తీసుకున్నారు. అందులో ఆఖరిది యూనిఫాంతో యాభై మీటర్ల ఈత. ఒక్కడు అవతలికి చేరకపోయినా జట్టు మొత్తం ఓడినట్టే. సెలవులో నేర్చుకుని రాకపోతే నా పేరు కొట్టేస్తానని హవల్దార్ తేల్చి చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే మా అక్క పకపకా నవ్వింది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది, బావి నిండుగా ఉన్న రోజుల్లో పెరిగింది. కాలువ వచ్చాక ఆ బావి మళ్లీ నిండింది.

"గింత దానికే పరేషాన్ అయితున్నవా? పా, బాయికాడికి పోదాం."

నా నడుముకు తాడు, వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి నీళ్లలోకి తోసింది. సరిహద్దులో కాపలా కాసినవాడు డబ్బా కట్టుకుని గావుకేకలు పెడుతుంటే పక్క చేనువాళ్లు కలుపు మానేసి చూశారు. సిగ్గుతో చచ్చాను.

"గోడ పక్కపొంటి పో తమ్మీ. ఎడమ చేతి దిక్కు గోడ ఉండాలె. భయమైతే పట్టుకో."

ముందు డబ్బా విప్పింది, తర్వాత తాడు. సెలవు అయ్యేసరికి పాత యూనిఫాంతోనే బావి చుట్టూ తిరుగుతున్నాను.

తీరా పోటీ రోజు పూల్‌లో దూకాక తెలిసింది, నాకు తిన్నగా ఈదడం రాదని. గుండ్రటి బావిలో గోడ పక్కనే తిరిగిన ఒళ్లు గోడ కోసం ఎడమకే పోతోంది. మిగతావాళ్లు ముందుకు పోయారు కాబట్టి ఎవరికీ తగల్లేదు. నడుమ ఎక్కడా పట్టు లేదు. నీళ్లు మింగాను. ఇక అయిపోయిందనుకున్నప్పుడు ఎడమ చేతికి గోడ తగిలింది. దాన్ని పట్టుకోలేదు, పక్కనే ఉంచుకుని చివరిదాకా ఈదాను. అందరికంటే ఆఖరున చేరాను. జట్టుకు మూడో స్థానం వచ్చింది. హవల్దార్ తిడుతూనే నన్ను కావలించుకున్నాడు.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, వంకరగా పోయిన సంగతంతా చెప్పాను. ఎన్నో స్థానమని ఆమె అడగలేదు.

"భయమైందా?"

అబద్ధమాడబుద్ధి కాలేదు. "అయింది అక్కా. గోడ దొరికినంక పోయింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మల్ల వచ్చినప్పుడు కాల్వల దింపుత తీయ్" అంది. "గది సీదా ఉంటది."